ఎవరి పోరగానివిరా నువ్వు?

పదకొండు సెకన్ల వీడియో అది. హైదరాబాద్‌లో సన్‌సిటీ దగ్గర మా అపార్ట్‌మెంట్ గేటు ముందు ఆటో దిగి, ఒక చేతిలో కూరగాయల సంచి, ఇంకో చేతిలో చిల్లర పట్టుకుని నిలబడింది ఒక సూడాన్ అమ్మాయి. వెనక నుంచి ఒక పిల్లవాడు వచ్చి ఆమె సన్నటి జడపాయల్లో ఒకదాన్ని లాగి పరిగెత్తాడు. ఇంకొకడు కోతిలా అరిచాడు. ఆమె గిరుక్కున తిరిగింది, ఏదో అనబోయింది, ఆగిపోయింది. చిల్లర లెక్క చూసుకోకుండానే లోపలికి వెళ్ళిపోయింది. ఫోన్ పట్టుకున్నవాడు వీడియోలో కనిపించడు. నవ్వు మాత్రం వినిపిస్తుంది. ఆ నవ్వు నాకు తెలుసు. వాడు ఉయ్యాలలో ఉన్నప్పటి నుంచి తెలుసు. అది మా అక్క కొడుకుది.

వాడికి పదహారేళ్ళు. ఇంటర్ మొదటి సంవత్సరం. ఇంట్లో పెద్దవాళ్ళకి ఎదురు చెప్పడు, నాయనమ్మకి షుగర్ మాత్రలు గుర్తుచేసి మరీ ఇస్తాడు. వీడియో నాకు వాడి నుంచి రాలేదు, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో వచ్చింది. కింద ఎవరో నవ్వే బొమ్మలు మూడు పెట్టారు. ఒకాయన "అందుకే వీళ్ళకి ఇళ్ళు అద్దెకివ్వొద్దని మీటింగులో చెప్పాను" అని రాశాడు. మిగిలినవాళ్ళలో ఎక్కువమంది రాసిన మాట ఒకటే: "పిల్లలు కదా, పోనివ్వండి."

ఆ మాట దగ్గరే నా నిద్ర పోయింది. ఎందుకంటే 2017 నుంచి 2022 దాకా నేను డబ్లిన్‌లో ఉన్నాను, అక్కడ ఆ మాటను నేను ఇంకో వైపు నిలబడి విన్నాను.

మేమున్నది టాలా వైపు, లువాస్ రెడ్ లైన్ ట్రామ్ చివర. వెళ్ళిన మొదటి అక్టోబరులోనే హాలోవీన్ వచ్చింది. ఐర్లండ్‌లో మామూలు జనం టపాసులు కాల్చడం చట్టవిరుద్ధం, కానీ ఆ నెలంతా కుర్రాళ్ళ జేబుల్లో అవే ఉంటాయి. ఆఫీసు నుంచి వస్తుంటే కాళ్ళ దగ్గర ఒకటి పేలింది. నేను ఎగిరిపడ్డాను, గోడ మీద కూర్చున్న నలుగురూ చప్పట్లు కొట్టారు. ఆ పైవారం కోడిగుడ్డు వచ్చి భుజానికి తగిలింది. కోటు మీద కారిన ఆ సొనను ట్రామ్‌లో అందరి మధ్యా రుమాలుతో తుడుచుకుంటూ కూర్చున్నప్పుడు కలిగిన సిగ్గు ఇప్పటికీ మెడ వెనక వేడిగా తగులుతుంది. తప్పు చేసింది వాళ్ళు. సిగ్గుపడింది నేను. ఈ తిరకాసు అనుభవించనివాళ్ళకి చెప్పినా అర్థం కాదు.

ఆఫీసులో చెబితే "పిల్లలు, మాకూ అలాగే చేస్తారు" అన్నారు. అది అబద్ధం కాదు. ఆ కుర్రాళ్ళు బస్సు అద్దాలు పగలగొట్టేవాళ్ళు, అక్కడి ముసలివాళ్ళనీ సతాయించేవాళ్ళు. అయితే అక్కడివాళ్ళని తిట్టేటప్పుడు "నీ దేశం పో" అని తిట్టరు. ఆ ఒక్క తేడాని మా ఆఫీసులో ఎవరికీ వివరించి చెప్పలేకపోయాను.

మా తెలుగువాళ్ళ గ్రూపులో దీని మీద ప్రతి శీతాకాలం వాదన జరిగేది. కొత్తగా వచ్చినవాళ్ళు మండిపడేవాళ్ళు. పాతవాళ్ళు జాగ్రత్తలు చెప్పేవాళ్ళు: చీకటి పడ్డాక పార్కు అడ్డదారి వద్దు, డబుల్ డెక్కర్‌లో పై అంతస్తుకి వెళ్ళొద్దు, కళ్ళలోకి చూడొద్దు, తిరిగి మాట అనొద్దు, వాళ్ళకి కావలసిందే నీ కోపం. మంచి మనసుతో చెప్పిన మాటలే. నేనవన్నీ పాటించాను. రెండేళ్ళు తిరిగేసరికి బొట్టు పెట్టుకోవడం మానేశాను, ఫోన్‌లో అమ్మతో తెలుగులో మాట్లాడాల్సి వస్తే ట్రామ్ దిగేదాకా ఆగేదాన్ని, ఇంటికి ఆరు నిమిషాల దారి వదిలి ఇరవై నిమిషాల దారిలో తిరిగొచ్చేదాన్ని. ఎవరూ నన్ను కొట్టలేదు. కానీ ఒక ఊళ్ళో నాకున్న చోటు కొంచెం కొంచెంగా తగ్గిపోయింది, తగ్గించుకున్నది నేనే. ఓర్పు అనే పేరుతో మనం ఒకరికొకరం చెప్పుకునే సలహాకి ఇంత ఖరీదు ఉందని అప్పుడు ఎవరూ చెప్పలేదు.

దాన్ని ఆపింది మా పక్కింటి పెద్దావిడ. డెబ్భై దాటిన మనిషి. ఒక సాయంత్రం నా వెనక ముగ్గురు కుర్రాళ్ళు నా నడకని అనుకరిస్తూ వస్తున్నారు. ఆవిడ ఇంట్లో వేసుకునే చెప్పులతోనే గడప దాటి బయటికొచ్చింది. అరవలేదు. ముగ్గురిలో ఒకడిని పేరు పెట్టి పిలిచింది. మీ అమ్మమ్మ నాకు తెలుసు, ఇవాళ చర్చి దగ్గర కలుస్తుంది, చెప్పనా అంది. అంతే. ఆ పిల్లవాడి మొహం చెవుల దాకా ఎర్రబడింది. తల మీది హుడ్ కిందికి లాక్కుని ఏదో గొణిగాడు. మిగతా ఇద్దరూ అటు తిరిగి నడిచారు. ఆ తర్వాత ఆ వీధిలో నన్ను ఎవరూ ఏమీ అనలేదు. వేరే వీధుల్లో అన్నారు, మా వీధిలో అనలేదు.

ఆ రాత్రి నాకు గుర్తొచ్చింది మా నాయనమ్మ ఊరు. నల్లగొండ పక్క పల్లె మాది. ఎండాకాలం సెలవుల్లో మేం మామిడితోటల్లో రాళ్ళు రువ్వితే, ఎవరి బావిలోనో దూకితే, దారిన పోయే ఏ పెద్దమనిషైనా ఆగి అడిగేది ఒక్కటే ప్రశ్న: "ఎవరి పోరగానివిరా నువ్వు?" దెబ్బ లేదు, తిట్టు లేదు. కానీ ఆ ప్రశ్న వినగానే కాళ్ళలో బలం పోయేది. జవాబు చెప్పడమంటే ఇంటి పేరు చెప్పడం. ఇంటి పేరు చెప్పాక ఇక చేసిన పని మనొక్కరిదీ కాదు, పొద్దు గూకేసరికి అది నాయన చెవిలో పడుతుంది. అబద్ధం చెప్పి తప్పించుకుందామన్నా ముక్కు చూసి పోల్చేసేవాళ్ళు.

పరదేశి ఈ ప్రశ్న అడగలేడు. భాష రాదు. వచ్చినా, జవాబు విని చేయగలిగిందేమీ లేదు, ఆ ఇల్లెక్కడో అతనికి తెలియదు. ఈ సంగతి పిల్లలకి మనకన్నా బాగా తెలుసు. మా అక్క కొడుకు కింది అంతస్తు రిటైర్డ్ హెడ్మాస్టరు గారి టోపీ లాగడు. ఎందుకు లాగడు? ఆయన మీద గౌరవం కొంత. మిగతాది, ఆయన లిఫ్టు ఎక్కి నేరుగా మా బావ దగ్గరికి వస్తాడని తెలుసు. ఆ అమ్మాయి రాదు. అల్లరి పిల్లలు మనుషుల్ని ఊరికే ఎంచుకోరు. ఎవరి ఫిర్యాదు తమ ఇంటి గడప దాకా రాదో వాళ్ళనే ఎంచుకుంటారు. నా వాదనంతా ఈ ఒక్క ముక్క.

2025 జులై 19న టాలాలో ఒక భారతీయుడి మీద కుర్రాళ్ళ గుంపు దాడి చేసిన వార్త చదివినప్పుడు నేను హైదరాబాద్‌లోనే ఉన్నాను. ఆయన ఆ దేశానికి వచ్చి కొద్ది వారాలే. మొహమంతా రక్తంతో వీధిలో ఉన్నాయన దగ్గర ఆగి, ఆస్పత్రికి చేరేలా చూసి, జరిగింది లోకానికి చెప్పింది అక్కడి ఒక స్థానికురాలే. ఆగస్టు 1న డబ్లిన్‌లోని మన రాయబార కార్యాలయం భారతీయులు జాగ్రత్తగా ఉండాలని సూచన ఇచ్చింది. ఆ వారంలోనే వాటర్‌ఫర్డ్‌లో ఇంటి ముందు ఆడుకుంటున్న ఆరేళ్ళ మలయాళీ పాపను తనకన్నా పెద్ద పిల్లలు కొట్టారు. ఇండియాకి పొమ్మన్నారు. ఆ పాప తల్లి నర్సు. ఆ పిల్లల్ని శిక్షించమని ఆమె అడగలేదు, కౌన్సెలింగ్ ఇప్పించమంది. ఆ మాట చదివి ఏడ్చాను. అప్పటి ఐర్లండ్ అధ్యక్షుడు మైకేల్ డి హిగిన్స్ ఈ దాడుల్ని ఖండిస్తూ ప్రకటన చేశాడు. మా పాత గ్రూపు రాత్రంతా మోగింది.

కొత్త కథేమీ కాదు. 1987లో అమెరికాలో జెర్సీ సిటీలో మన ఆడవాళ్ళ బొట్టును గుర్తుగా పెట్టుకుని "డాట్‌బస్టర్స్" అనే ముఠా తయారైంది. ఆ ఏడాదే పక్కనున్న హోబోకెన్‌లో ఒక భారతీయుణ్ణి కుర్రాళ్ళు కొట్టి చంపారు. 2009 మే నెలలో మెల్‌బోర్న్‌లో పిలవని పార్టీకి చొరబడిన కుర్రాళ్ళు ఒక తెలుగు విద్యార్థి తలలో స్క్రూడ్రైవర్ దించారు. ఆ నెలాఖరుకి వేలమంది మన విద్యార్థులు ఆ నగరం నడిబొడ్డున రోడ్డు మీద కూర్చున్నారు. ఇవి జరిగినప్పుడల్లా హైదరాబాద్‌లో టీవీల ముందు కూర్చుని తల్లిదండ్రులు ఎంత తల్లడిల్లారో నాకు తెలుసు. మా అమ్మా వాళ్ళలో ఒకతే.

జడపాయ లాగడం, తలలో స్క్రూడ్రైవర్ దించడం ఒకటేనని నేను అనడం లేదు. జడ లాగిన ప్రతివాడూ ఆ చివరికి పోడు. కానీ ఆ చివరికి పోయినవాడు కూడా ఎక్కడో ఒకచోట జడ లాగి నవ్వించడంతోనే మొదలుపెట్టి ఉంటాడు. అప్పుడు ఎవరూ ఇంటి పేరు అడిగి ఉండరు.

మన ఊరి సంగతికి వస్తే, హైదరాబాద్‌లో ఆఫ్రికా మనిషిని వింతగా చూడటం అసలు అర్థం లేని పని. మాసబ్ ట్యాంక్ పక్కన ఏసీ గార్డ్స్ అంటామే, అది నిజాం కొలువులోని ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ బస చేసిన చోటు. సిద్దీలనే ఆ ఆఫ్రికా సైనికుల వారసులు ఇప్పటికీ ఆ గల్లీల్లో ఉన్నారు, ఉర్దూ, తెలుగు మనలాగే మాట్లాడతారు, పెళ్ళిళ్ళలో మన పిల్లలు ఊగిపోయే మర్ఫా దరువు వాళ్ళదీ, బార్కస్ అరబ్బులదీ. హబ్సిగూడ పేరు ఆఫ్రికా నుంచి వచ్చిన హబ్షీల వల్లే వచ్చిందని చెప్పుకుంటారు. బార్కస్‌లో ఉన్నది యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం సైన్యంలోకి వచ్చినవాళ్ళ మనవలు, మునిమనవలు. ఆ హద్రమౌత్ వంటే మండీ. మా అక్క కొడుకు పుట్టినరోజుకి వాడి స్నేహితులంతా ఒకే పళ్ళెం చుట్టూ కూర్చుని తిన్నది అదే. అదే పిల్లలు వీధిలో యెమెన్ కుర్రాడు ఎదురైతే వెనక నుంచి కూతలు పెడతారు. "హబ్షీ" అనేది ఒక జాతి పేరు, మనం దాన్ని తిట్టు చేశాం. "కాలియా", అంటే నల్లోడు, అనే మాట మన పిల్లలు ఎక్కడ నేర్చుకున్నారు? మనం కూర్చున్న హాల్లోనే. మన ఇళ్ళలో పుట్టిన బిడ్డ రంగు తక్కువైతే ఏం మాట్లాడుకుంటామో వాళ్ళు విన్నారు.

ఉస్మానియాకి ఎన్నో దేశాల నుంచి విద్యార్థులు వస్తారు. రాజేంద్రనగర్‌లోని గ్రామీణాభివృద్ధి సంస్థకీ, యూసుఫ్‌గూడలోని చిన్న పరిశ్రమల సంస్థకీ, 1964లో మొదలైన ఐటెక్ పథకం కింద మన ప్రభుత్వమే ఖర్చు పెట్టి ఆఫ్రికా అధికారుల్ని శిక్షణకి పిలుస్తుంది. 2025 మేలో మిస్ వరల్డ్ పోటీలకి వందకు పైగా దేశాల అమ్మాయిలు వస్తే చార్మినార్ దగ్గర మర్ఫాతో స్వాగతం పలికాం. ఆ స్వాగతంలో తప్పు వెతకను, ఆనందపడ్డాను. అలాంటి ఊళ్ళో కూరగాయల సంచితో ఆటో దిగే అమ్మాయికి జంకు లేకుండా నడిచిపోయే వీలైనా ఉండాలని అడుగుతున్నాను.

ఇంకో మాట వస్తుంది, వచ్చింది కూడా, మా గ్రూపులోనే: వాళ్ళలో మత్తుమందులు అమ్మేవాళ్ళున్నారు, అర్ధరాత్రి దాకా పాటలు పెడతారు అని. మత్తుమందుల కేసుల్లో మన పోలీసులు కొందరు విదేశీయుల్ని పట్టుకున్నమాట నిజమే. అది పోలీసుల పని, వాళ్ళు చేస్తున్నారు. పాటలు ఎక్కువైతే వెళ్ళి తలుపు కొట్టి చెప్పొచ్చు. ఒకడి తప్పుకి ఇంకొకరిని పట్టుకోవడం ఎంత దూరం పోతుందో 2016 జనవరిలో బెంగళూరు చూపించింది. ఒక సూడాన్ విద్యార్థి కారు ఢీకొని ఒకావిడ చనిపోతే, ఆ తర్వాత ఆ దారిన వచ్చిన, ఆ కారుతో ఏ సంబంధమూ లేని టాంజానియా విద్యార్థిని మీద గుంపు పడింది. ఆ ఏడాది మేలోనే మన బంజారాహిల్స్‌లో కారు పార్కింగ్ గొడవలో ఒక నైజీరియా విద్యార్థిని ఇనుపరాడ్‌తో కొట్టారు. ఈశాన్య రాష్ట్రాల పిల్లలకైతే పాస్‌పోర్టు కూడా అక్కర్లేదు, మన దేశంలోనే పరాయివాళ్ళు. ఢిల్లీలో 2014లో జుట్టు మీద ఎగతాళితో మొదలైన గొడవలో అరుణాచల్ కుర్రాడు నీడో ప్రాణం పోయాక ఈశాన్య రాష్ట్రాలవాళ్ళ కష్టాలు చూడమని ప్రభుత్వం బెజ్‌బరువా కమిటీని వేసింది. మళ్ళీ చూడండి, మొదలు ఎగతాళే.

"అంత బాధైతే పోలీసులకి చెప్పొచ్చు కదా" అనేవాళ్ళకి ఒక్కసారి ఆ అమ్మాయి స్థానంలో కూర్చోమని చెబుతాను. విద్యార్థి వీసా మీద వచ్చినవాళ్ళు 14 రోజుల్లో విదేశీయుల నమోదు కార్యాలయంలో పేరు రాయించుకోవాలి, గడువు పొడిగింపుకి మళ్ళీ అక్కడికే దరఖాస్తు. స్టేషన్‌లో తన పేరు ఏ రకంగా నమోదైనా ఆ పొడిగింపుకి అడ్డం వస్తుందేమోనని వాళ్ళ భయం. పైగా ఆమెకి వెనక్కి వెళ్ళే ఇల్లు లేదు. 2023 ఏప్రిల్ 15న ఖార్తూమ్‌లో యుద్ధం మొదలైంది, వాళ్ళ వీధి ఖాళీ అయిపోయింది, తల్లీ తమ్ముళ్ళూ ఈజిప్టులో ఉన్నారు. బీఫార్మసీ మూడో ఏడు ఫీజు కోసం నెలనెలా ఎవరినో అడుగుతోంది. ఈ మనిషి జడ లాగి వీడియో తీశారు మా పిల్లలు.

పిల్లల్ని జైల్లో పెట్టమనడం లేదు. మన బాలల న్యాయ చట్టం కూడా చిన్న తప్పులకి పిల్లల మీద ఎఫ్‌ఐఆర్ పెట్టనివ్వదు. మందలింపు, కౌన్సెలింగ్, సమాజ సేవ లాంటి దారులు చూపిస్తుంది. ఆడపిల్లల్ని ఏడిపించి పోలీసుల షీ టీమ్స్‌కి దొరికిన మైనర్లకి తల్లిదండ్రుల్ని పక్కన కూర్చోబెట్టే కౌన్సెలింగ్ ఇస్తారు. ఐర్లండ్‌లో నాకు నచ్చిన ఏర్పాటు ఒకటుంది. 2001 బాలల చట్టం కింద తప్పు చేసిన పిల్లవాడిని కోర్టుకి పంపకుండా పోలీసు హెచ్చరిక ఇచ్చేటప్పుడు, బాధ పడిన మనిషిని కూడా అదే గదిలోకి పిలవొచ్చు. పిల్లవాడూ, తల్లిదండ్రులూ, ఆ మనిషీ ఎదురెదురుగా కూర్చుంటారు. నాకు అక్కడ ఆ అవకాశం రాలేదు. వచ్చి ఉంటే ఆ గోడ మీది నలుగురినీ ఏమడిగేదాన్నో ఇప్పటికీ అప్పుడప్పుడూ ఆలోచిస్తాను.

అయితే చట్టం దాకా పోకముందే చేయగలిగింది మన చేతుల్లో ఉంది. విదేశీయులకి ఇల్లు అద్దెకిస్తే 24 గంటల్లో వివరాలు ఆన్‌లైన్‌లో ఇవ్వాలని యజమానులందరికీ తెలుసు. అద్దె కూడా మనవాళ్ళ కన్నా ఎక్కువే తీసుకుంటారు. ఆ అమ్మాయిని గేటు దగ్గరికి తీసుకొచ్చి వాచ్‌మన్‌కీ, కిరాణా కొట్టతనికీ, పక్క ఫ్లాట్లవాళ్ళకీ "ఈమె మా ఇంట్లో ఉంటుంది" అని ఒక్క మాట చెప్పడం ఎంత పని? ఆ మాటతో ఆమెకి వీధిలో ఒక ఇంటి పేరు వస్తుంది. ఆమె జోలికి పోతే ఎవరి గడప దాకా కబురు పోతుందో పిల్లలకి తెలుస్తుంది. పరదేశంలో ఉన్న మనవాళ్ళకి కూడా నేను చెప్పేది ఇదే. కుర్రాళ్ళతో వాదన పెట్టుకోవద్దు, అలాగని తల దించుకుని దారి మార్చుకోనూ వద్దు. ఆ వీధిలో ఆ పిల్లల అమ్మమ్మని ఎరిగిన మనిషి ఒకరుంటారు. వాళ్ళ తలుపు కొట్టండి. ఏమీ జరగని రోజే వెళ్ళి కొట్టండి.

మాతృదేవో భవ, పితృదేవో భవ అని చదువుకుంటామే, ఆ వరసలో చివర వచ్చే అతిథిదేవో భవ అనే మాట తైత్తిరీయ ఉపనిషత్తులో ఎవరితో అన్నదో చాలామందికి గుర్తుండదు. చదువు ముగించుకుని ఇంటికి బయల్దేరే శిష్యుడితో గురువు చెప్పిన మాట అది. మన ఇంట్లో ఇప్పుడు కాలేజీ మెట్లెక్కిన ఆ వయసు పిల్లలతోనే. పిల్లలు కదా అని వదిలేయమని కాదు, పిల్లలు కదా అనే చెప్పింది.

వీడియో చూసిన రోజు రాత్రే అక్కకి చూపించాను. నా మీద మండిపడింది. "నువ్వు అక్కడ పడ్డవన్నీ నా కొడుకు మీద రుద్దకు" అంది. ఆ మాట తగిలింది, ఎందుకంటే అందులో కొంత నిజముంది. వాడేమో, "లాగింది నేను కాదు పిన్నీ, వీడియో మాత్రమే తీశాను" అన్నాడు. మర్నాడు సాయంత్రం వాడిని వెంటబెట్టుకుని కింద ఆమె తలుపు కొట్టాను. అక్క రానంది.

తలుపు సందులోంచి వాడిని చూడగానే ఆ అమ్మాయి ఒక అడుగు వెనక్కి వేసింది. ఆ అడుగుని వాడూ చూశాడు. నేను ఎంత చెప్పినా రానిది ఆ ఒక్క అడుగుతో వాడి మొహంలోకి వచ్చింది. లోపలికి రమ్మంది. గ్లాసుల్లో ఎర్రటి పానీయం పోసి ఇచ్చింది, కర్కదే అన్నది. ఖార్తూమ్‌లో ఇంటికి ఎవరొచ్చినా అదే ఇస్తారట. ఒక గుక్క తాగగానే ఆ పులుపు ఎక్కడిదో తెలిసింది. మన ఎర్ర పుంటికూర మొక్క కాయల మీది రెక్కల్ని ఎండబెట్టి చేసేది. వాడు గ్లాసు పట్టుకున్నాడు కానీ తాగలేదు. సారీ అన్నాడు, నేల వైపు చూస్తూ.

ఆమె "పర్వాలేదు" అనలేదు. అననందుకు నాకు ఆమె మీద గౌరవం పెరిగింది. కాసేపు వాడినే చూసి, ఇక్కడికొచ్చాక నేర్చుకున్న హిందీలో నెమ్మదిగా అడిగింది: "తుమ్ కిస్‌కా బేటా హై?"

వాడు నోరు తెరిచేలోపే వెనక తలుపు దగ్గర చప్పుడైంది. అక్క ఎప్పుడు మెట్లు దిగి వచ్చిందో నేను చూడలేదు. చెప్పులు బయటే విప్పి, కొంగు సర్దుకుని, ఆ అమ్మాయి వైపు చూస్తూ అంది.

"నా కొడుకమ్మా."